కొన్న పాయింటా, చేసిన పాయింటా? మోడల్ రైల్వేకు పట్టాల ఎంపిక

మోడల్ రైల్వే కట్టాలనుకునేవాళ్లు విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా ముందుగా అడిగేది ఏ కంపెనీ పట్టాలు కొనాలని. అంతకంటే ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. మీ బల్ల మీద కనిపించవలసింది ఏ లైను? బొబ్బిలిలో విడిపోయి సాలూరులో ఆగిపోయే చిన్న బ్రాంచి లైనా, మూడు వైపుల నుంచి పట్టాలు వచ్చి కలిసే విజయనగరం జంక్షనా, ఇనుప ఖనిజం దింపడానికి వేసిన కొత్తవలస–కిరండూల్ లైనా, లేక ఇప్పుడు కనిపించని నౌపడ న్యారోగేజా? జవాబును బట్టి పట్టాలు మారతాయి, పాయింట్లయితే, అంటే బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పట్టా ముక్కలయితే, పూర్తిగా మారిపోతాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సాదా పట్టా ఏది కొన్నా కొంప మునగదు. డబ్బు, ఓపిక పెట్టవలసింది పాయింట్ల మీద. బండి పట్టాలు తప్పేది అక్కడే, ఇంజిను ఆగిపోయేది అక్కడే, షార్ట్ సర్క్యూట్ అయ్యేదీ అక్కడే. అలాగని ప్రతి పాయింటునూ చేత్తో చేయమని నేను అనను. ఎక్కడ కొనాలో, ఎక్కడ చేసుకోవాలో చెప్పడానికే ఇదంతా.

స్కేలు గురించి కొంచెం

ఇక్కడి లెక్కలన్నీ హెచ్‌ఓ స్కేలువి. అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇందులో ఒక రాజీ ఉంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే 19.26 రావాలి. 16.5 అనేది విదేశాల 1435 మి.మీ. గేజ్‌కు సరిపోయే కొలత. అందువల్ల మన ఇంజిను దుకాణంలో కొన్న పట్టా మీద కాస్త ఇరుకుగా నిలబడినట్టు కనిపిస్తుంది. 19.26 మీదే వేస్తానంటే ప్రతి బండి చక్రాలూ మార్చాలి, దుకాణంలో దొరికే పాయింటు ఒక్కటీ పనికిరాదు. ఆ దారి పట్టేవాళ్లకు ఒక నమస్కారం పెట్టి మనం 16.5 దగ్గరే ఉందాం.

ఎన్ స్కేలు 160వ వంతు, గేజ్ 9 మి.మీ. అపార్టుమెంటులో ఒక గోడ పొడవునా బల్ల వేసుకునేవాళ్లకు అది బాగుంటుంది. కానీ ఆ సైజులో పాయింటు చేత్తో చేయడం కంటికీ వేలికీ పరీక్ష. ఎన్ స్కేలు ఎంచుకుంటే పాయింట్లు కొనుక్కోండి, ఇంకో ఆలోచన వద్దు.

సెట్ ట్రాక్, ఫ్లెక్స్ ట్రాక్

సెట్ ట్రాక్ అంటే ముందే వంపు నిర్ణయించి చేసిన గట్టి ముక్కలు. హార్న్‌బీ, పీకో కంపెనీల సెట్ ముక్కల్లో రెండో వంపు వ్యాసార్ధం 438 మి.మీ., మూడోది 505. మన ప్లైవుడ్ దుకాణాల్లో దొరికే 8×4 అడుగుల షీటు వెడల్పు 1219 మి.మీ. కాబట్టి మూడో వంపుతో చుట్టు తిప్పినా రెండు పక్కలా చెరో పది సెంటీమీటర్లు మిగులుతాయి. ఫ్లెక్స్ ట్రాక్ గజం పొడవున, అంటే 914 మి.మీ. ముక్కలుగా వస్తుంది, కావలసినట్టు వంచుకోవచ్చు. అయితే ఒక్క షీటు మీదే పని ముగించేవాళ్లు ఫ్లెక్స్ కొని ఎంత వంచినా అంతకంటే మరీ పెద్ద వంపు ఎలాగూ పట్టదు.

వంపు ఎంత ఉండాలన్నది పెట్టె పొడవును బట్టి చూసుకోవాలి. బండి నమ్మకంగా తిరగాలంటే పెట్టె పొడవుకు కనీసం రెండున్నర రెట్లు వ్యాసార్ధం ఉండాలన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క, చూడటానికి బాగుండాలంటే మూడున్నర రెట్లు. పాతరకం ప్రయాణికుల పెట్టె, ఐసీఎఫ్ పొడవు సుమారు 21.3 మీటర్లు, హెచ్‌ఓలో 245 మి.మీ. రెండున్నర రెట్లంటే 612. కొత్తరకం ఎల్‌హెచ్‌బీ పెట్టె 23.5 మీటర్లు, మోడల్‌లో 270, దానికి 675 కావాలి. ఒక్క షీటు మీద ఇవి కుదరవు. అదే బాక్స్‌ఎన్ వ్యాగను 10.7 మీటర్లే, మోడల్‌లో 123 మి.మీ. దానికి 310 మి.మీ. వంపు చాలు. అందుకే ఒక్క షీటు మాత్రమే ఉన్నవాళ్లకు కిరండూల్ ఖనిజం బండి నప్పినంతగా కోణార్క్ ఎక్స్‌ప్రెస్ నప్పదు. సాలూరు లైనులో రైలుబస్సు నడిచేది. ఒంటరి పెట్టె కాబట్టి ఏ వంపులోనైనా సునాయాసంగా తిరుగుతుంది.

సొంత గది లేక, ప్రతిసారీ నేల మీద పరిచి మళ్లీ పెట్టెలో సర్దుకునేవాళ్లకు కంకర పునాదితో కలిసి వచ్చే ముక్కలు మేలు. కాటో యూనిట్రాక్, బాక్‌మన్ ఈజీ ట్రాక్ ఆ కోవలోవే. ఈజీ ట్రాక్ కొనేటప్పుడు పునాది రంగు చూడండి. నల్లదైతే పట్టా ఉక్కు, బూడిద రంగైతే నికెల్ సిల్వర్. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో ఉక్కు పట్టా చౌకగా వచ్చినా తీసుకోవద్దు. నౌపడ ఉప్పు మడుల పక్క ఊళ్లలో కిటికీ ఊచలకే తుప్పు ఆగదు, రెండు మిల్లీమీటర్ల పట్టా ఏపాటి?

పట్టా ఎత్తును కోడ్ అంకెతో చెబుతారు. కోడ్ 100 అంటే అంగుళంలో వెయ్యికి వంద, 2.54 మి.మీ. కోడ్ 83 సుమారు 2.1, కోడ్ 75 సుమారు 1.9. ఎత్తు తగ్గేకొద్దీ అసలు పట్టాలా కనిపిస్తుంది. కానీ చేతులు మారి వచ్చిన పాత ఇంజిన్లు, పెట్టెలు ఉన్నవాళ్లు కోడ్ 100 దగ్గరే ఆగాలి. వాటి చక్రాల అంచులు లోతుగా ఉండి, కోడ్ 75 మీద స్లీపర్ల బిగింపులకు తగులుతూ టకటకలాడతాయి. అన్నీ కొత్త బండ్లే అయితే కోడ్ 75 లేదా 83కు వెళ్లండి.

సెట్, ఫ్లెక్స్ కలిపి వాడేవాళ్లు సాధారణంగా గమనించని చిక్కు ఒకటుంది. సెట్ ముక్కల్లో రెండు జంట లైన్ల మధ్య దూరం 67 మి.మీ., ఫ్లెక్స్‌తో వాడే పీకో స్ట్రీమ్‌లైన్ రకంలో సుమారు 51. పాయింట్లు రెండు రకాలవీ కలిపితే లైన్లు సమాంతరంగా కుదరవు. ఇంకో సంగతి, మన రైల్వేలో కొత్తగా వేసే లైన్ల మధ్య దూరం 5.3 మీటర్లు, 87వ వంతు 61 మి.మీ. అవుతుంది. ఒకటి మరీ ఎడం, ఇంకోటి మరీ దగ్గర. విజయనగరం ప్లాట్‌ఫారాల పక్క లైన్లు చూసినట్టే ఉండాలంటే మధ్యలో చిన్న ముక్క కలుపుకోవాలి, లేదంటే పాయింటే సొంతంగా చేసుకోవాలి.

పాయింటు సంగతి

పాయింటులో ఉండే భాగాలు రైల్వే గ్యాంగులో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడ రైలు అంటే బండి కాదు, పట్టా. పక్కన కదలకుండా ఉండేవి స్టాక్ రైళ్లు, వాటికి ఆనుకుని అటూ ఇటూ జరిగేవి టంగ్ రైళ్లు, రెండు దారులు ఒకదాన్నొకటి దాటే చోట క్రాసింగ్, దాని ఎదురుగా చెక్ రైళ్లు. క్రాసింగ్ దగ్గర పట్టాలో ఖాళీ తప్పదు. ఆ ఖాళీ దాటేటప్పుడు చక్రం తప్పుదారి పట్టకుండా, ఎదుటి చక్రాన్ని వెనక నుంచి పట్టి ఉంచేది చెక్ రైలు. మోడల్ పాయింటులో బండి దిగిపోతే చాలామంది టంగ్ రైలును అనుమానిస్తారు. ముందు చెక్ రైలు ఎడం చూడండి. ఆ సందు వదులైతే చక్రం నేరుగా క్రాసింగ్ ముక్కుకే కొట్టుకుంటుంది. అక్కడ బాగుంటే చక్రాల లోపలి దూరం కొలవండి, అది 14.4–14.5 మి.మీ. దగ్గర ఉండాలి.

అసలు రైల్వేలో ప్రయాణికుల బండ్లు నడిచే లైన్లలో మామూలుగా వేసేది 1 ఇన్ 12 పాయింటు. దాని వంపు వ్యాసార్ధం 441 మీటర్లు. 87తో భాగిస్తే ఐదు మీటర్లు దాటుతుంది! గూడ్సు లైన్లలో వేసే 1 ఇన్ 8½ కూడా మోడల్‌లో రెండున్నర మీటర్ల పైమాటే. కాబట్టి ఇంట్లో ఎవరు వేసినా కుదింపే. దాన్ని ఎంతవరకు ఒప్పుకోవాలన్నదే ప్రశ్న. సెట్ ట్రాక్ పాయింటు 438 మి.మీ. వంపుతో 22.5 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. పొడవాటి పెట్టె దాని మీద వెళ్తుంటే ముందు పెట్టె ఎటో, వెనక పెట్టె ఎటో. పీకో స్ట్రీమ్‌లైన్‌లో చిన్న, మధ్య, పెద్ద పాయింట్ల వ్యాసార్ధాలు 610, 914, 1524 మి.మీ., మూడింటికీ కోణం 12 డిగ్రీలే. పొడవులు వరుసగా 185, 219, 258 మి.మీ. చిన్నదానికీ పెద్దదానికీ తేడా ఏడు సెంటీమీటర్లే అయినప్పుడు, మెయిన్ లైను మీద చిన్నది వేసి చోటు ఆదా చేశామనుకోవడం లోభితనం. ప్రయాణికుల బండి దాటే ప్రతి చోటా పెద్దది వేయండి, గూడ్సు యార్డులో మధ్యరకం చాలు. చిన్నది సరుకు గోడౌను పక్కకు వెళ్లే లైనుకు ఉంచుకోండి.

కొనేటప్పుడు పెట్టె మీద ఇన్సుల్‌ఫ్రాగ్, ఎలెక్ట్రోఫ్రాగ్, యూనిఫ్రాగ్ అని ఉంటుంది. మొదటిదానిలో క్రాసింగ్ ప్లాస్టిక్‌ది, దానికి కరెంటు ఉండదు. వైరింగు తేలిక. కానీ నాలుగు చక్రాల పొట్టి షంటింగ్ ఇంజిను మెల్లగా దాటేటప్పుడు అక్కడే ఆగిపోతుంది, ప్రతిసారీ వేలితో తోయాలి. రెండోదానిలో క్రాసింగ్ లోహం. బండి ఆగదు, కానీ పాయింటు మారినప్పుడు క్రాసింగ్‌కు అందే కరెంటు ధ్రువం కూడా మారాలి. అందుకు పాయింటు కదిలే కడ్డీకే ఒక మైక్రోస్విచ్ తగిలించాలి. క్రాసింగ్ నుంచి బయలుదేరే రెండు లోపలి పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లు (పట్టాల కొసలు కలిపే తొడుగులు) తొడగడం మరిస్తే మాత్రం మొదటి రోజే షార్ట్. డీసీసీ, అంటే ఇంజిన్లను డిజిటల్ సంకేతాలతో నడిపే పద్ధతి వాడేవాళ్లకయితే ఒక్క పాయింటులోని షార్ట్ మొత్తం లేఅవుటునే ఆపేస్తుంది. యూనిఫ్రాగ్‌లో క్రాసింగ్ ముక్క విడిగా ఉండి ఒక వైరు వదిలి ఉంటుంది. ఇప్పుడు కలపకుండా వాడుకుని, తర్వాత ఇంజిను ఆగుతుంటే ఆ వైరును స్విచ్‌కు కలుపుకోవచ్చు. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే.

చేత్తో చేసే పాయింటు

ఇక సొంతంగా చేయడం. రాగి పూత ఉన్న పీసీబీ బోర్డును సన్నని స్లీపర్లుగా కోసి, పట్టాలను వాటికి సోల్డర్ చేయడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. బోర్డు ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. పాయింటు బొమ్మను కంప్యూటర్‌లో టెంప్లాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కావలసిన కోణంలో, కావలసిన వంపులో గీసుకోవచ్చు. ప్రింటు తీయగానే కాగితం మీద తెలిసిన కొలత ఒకటి స్కేలు పెట్టి చూడండి. జిరాక్సు షాపు ప్రింటరు పేజీలో పట్టించడానికి తనంతట తాను కుదించేస్తుంది. రెండు శాతం కుదిస్తే 16.5 కాస్తా 16.2 అవుతుంది.

ముందు తిన్నని స్టాక్ రైలు వేస్తారు. తర్వాత క్రాసింగ్ ముక్కు. రెండు పట్టా ముక్కల కొసలను ఆకురాయితో ఏటవాలుగా అరగదీసి, ఒకదానికొకటి ఆనించి సోల్డర్ చేస్తే బాణం మొనలా వస్తుంది. దాన్ని గేజి పెట్టి స్టాక్ రైలుకు 16.5 దూరంలో నిలపాలి. ఆ తర్వాత వంపు స్టాక్ రైలు, క్రాసింగ్‌కు రెండు వైపులా రెక్కలు, చెక్ రైళ్లు, చివరికి టంగ్ రైళ్లు. టంగ్ రైలు కొసను అరగదీయడం దగ్గరే పని నైపుణ్యం తెలుస్తుంది. పట్టా అడుగు అంచును ఒక వైపు పూర్తిగా తీసేసి, తల భాగాన్ని స్టాక్ రైలుకు అతుక్కునేలా పల్చబరచాలి. గోటితో స్టాక్ రైలు మీద నుంచి టంగ్ రైలు మీదకు గీస్తే ఎక్కడా తట్టకూడదు. గోరు తట్టితే చక్రమూ తడుతుంది.

అన్నీ బిగించాక ప్రతి స్లీపరు రాగి పూతను మధ్యలో గీసి విడదీయాలి, లేకపోతే ఎడమ పట్టా కరెంటు కుడి పట్టాకు పారుతుంది. మల్టీమీటరు బజర్‌లో పెట్టి ఒక్కో స్లీపరూ చూసుకోవడం విసుగు పని. అయినా తప్పదు. ఆ తర్వాత వ్యాగనును వేలితో తోస్తూ రెండు దారుల్లోనూ నడిపి చూడాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ మెట్లను మైనంలో నిలిపి, మోగించి విని, మళ్లీ జరిపి నిలుపుతారు. ఇక్కడా అంతే, సోల్డర్ కరిగించి వెంట్రుకవాసి జరపడం, తోసి చూడటం, మళ్లీ బిగించడం.

ఇంత శ్రమ ఎవరికి గిట్టుతుంది? ఖర్చు తగ్గించుకోవాలని చేసేవాళ్లకు మొదట్లో గిట్టదు. గేజీలు, ఆకురాళ్లు, మంచి సోల్డరింగ్ ఐరన్ కొనేసరికి రెండు పాయింట్ల డబ్బు అక్కడే అయిపోతుంది. కొన్న పాయింటు ఆకారం మీ స్థలంలో కుదరనివాళ్లకు గిట్టుతుంది. విజయనగరం లాంటి జంక్షను చివర లైన్లు వంపులోనే చీలుతూ, ఒకదాని వెంట ఒకటి పాయింట్లు వస్తాయి. కొన్న ముక్కలు పేర్చితే అక్కడ మెట్లు మెట్లుగా వంకరపోతుంది. చేసినవైతే వంపు ఒకే ధారగా పారుతుంది. ఒకే కోణంలో చాలా పాయింట్లు కావలసినవాళ్లకు పట్టాను గాడిలో పెట్టి అరగదీసే లోహపు జిగ్‌లు ఉన్నాయి, ఫాస్ట్ ట్రాక్స్ అనే కెనడా సంస్థవి పేరున్నవి. నాలుగైదు పాయింట్లకు జిగ్ కొనడం దండగ.

నేనైతే జంక్షను కట్టేవాళ్లకు చెప్పేది ఇది: ముందు వరుసలో కంటికి కనిపించే మెయిన్ లైను పాయింట్లు చేసుకోండి. బల్ల వెనక దాగిన లైన్లకు, చెయ్యి అందని మూలలకు కొన్నవే వేయండి. చెయ్యి అందని చోట సొంత పనిని పరీక్షించుకోకూడదు. సాలూరు లాంటి చివరి స్టేషనుకు మూడు నాలుగు పాయింట్లు చాలు. అన్నీ కొనేసి, మిగిలిన సమయం స్టేషను భవనానికి పెట్టండి.

నౌపడ సంగతి పూర్తిగా వేరు. 1900లో నౌపడ–పర్లాకిమిడి మధ్య మొదలై 1931లో గుణుపూర్ దాకా చేరిన ఆ రెండున్నర అడుగుల లైను 2004లో మూతపడి, 2011లో బ్రాడ్‌గేజ్‌గా తెరుచుకుంది. ఆ 762 మి.మీ. గేజ్ 87వ వంతులో 8.76 అవుతుంది. అంటే 9 మి.మీ. పట్టా దాదాపు అచ్చు కొలత. బ్రాడ్‌గేజ్ వాళ్లకు దక్కని అదృష్టం ఇది! అయితే ఎన్ స్కేలు పట్టా కొనకండి, గేజ్ అదే అయినా స్లీపర్లు చిన్నవిగా, దగ్గర దగ్గరగా ఉండి మోసం బయటపడుతుంది. పీకో న్యారోగేజ్ ఫ్లెక్స్ తీసుకోండి, స్లీపర్లు ఎడంగా ఉంటాయి. పాయింటు చేయడం నేర్చుకోవాలన్నా నా దృష్టిలో ఇదే అనువైన చోటు. బండ్లు పొట్టివి, వేగం తక్కువ, పాయింట్లు కొద్ది, స్లీపరు కాస్త అటూ ఇటూ ఉన్నా ఊరి లైనులా సహజంగానే కనిపిస్తుంది.

వేసేటప్పుడు

మన తేమకు ఎండీఎఫ్ (చెక్క నార అదిమి చేసిన పలక) ఉబ్బుతుంది. ప్లైవుడ్ తీసుకుని రెండు వైపులా, అంచులకు కూడా వార్నిష్ వేయండి. పట్టా కింద కార్క్ షీటు ఉంటే చప్పుడు తగ్గుతుంది. గజం ముక్క 20 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 0.3 మి.మీ. సాగుతుంది. మే నెల మధ్యాహ్నం వేస్తుంటే కీళ్లు ఆనించి వేసినా పరవాలేదు, జనవరి పొద్దున వేస్తే ఒక్కో కీలులో విజిటింగ్ కార్డు మందం వదలండి. కరెంటు కోసం జాయినర్ల మీద ఆధారపడకండి. ఉప్పు గాలికి అవి రెండేళ్లలో మొండికేస్తాయి. ప్రతి ముక్కకూ అడుగు నుంచి ఒక వైరు సోల్డర్ చేసి, బల్ల కింద మందపాటి వైరుకు కలపండి. పాయింట్లకు ఇది మరీ ముఖ్యం.

చివరగా కంకర. అసలు కంకర 20 నుంచి 65 మి.మీ., మోడల్‌లో అది 0.2–0.75 మి.మీ. టెక్కలి వైపు గ్రానైట్ కోసే చోట మిగిలే పొడిని టీ వడపోతతో జల్లించుకుంటే రంగూ బాగుంటుంది, డబ్బూ మిగులుతుంది. కళింగపట్నం, భావనపాడు తీరాల ఇసుక మాత్రం వద్దు. అందులో ఇల్మెనైట్ లాంటి నల్లని బరువైన ఖనిజాలు కలిసి ఉంటాయి. వాటిలో అయస్కాంతానికి అంటుకునేవి ఇంజిను మోటారులోకి ఎగిరి చేరతాయి. గ్రానైట్ పొడి మీద కూడా ఒకసారి అయస్కాంతం తిప్పి చూడండి. నీళ్లలో కలిపిన ఫెవికాల్ పోసే ముందు టంగ్ రైళ్ల కింద, కదిలే కడ్డీ చుట్టూ ఒక్క చుక్క నూనె రాయండి, అక్కడ కంకర పలచగానే వేయండి. మర్నాడు ఆరాక ప్రతి పాయింటునూ చేత్తో అటూ ఇటూ జరిపి చూశాకే కరెంటు ఇవ్వండి.